పేరు దొరికిన నొప్పులు

ఈ మధ్య మన ఇళ్లలో కొన్ని కొత్త మాటలు చేరాయి, గమనించారా? పిల్లలు కాలేజీల నుంచి, ఆఫీసుల నుంచి, ఫోన్లలోంచి పట్టుకొస్తున్నారు. గ్యాస్‌లైటింగ్, పేట్రనైజింగ్, పాసివ్ అగ్రెసివ్, మాన్‌స్ప్లెయినింగ్... అన్నాల దగ్గర కూడా ఇవే. మనకి అర్థమయీ అవనట్టుంటాయి. అడిగితే "అది చెప్పాలంటే చాలా ఉందిలే అమ్మా" అంటారు.

నేను చదివింది బిఏ తెలుగు. ఏ మాట విన్నా అది ఎక్కడ పుట్టింది, ఎన్ని ఊళ్లు తిరిగి మన గుమ్మంలోకొచ్చింది అని చూడటం అప్పట్నించీ అంటుకున్న జబ్బు. వంట, గిన్నెలు అయ్యాక మధ్యాహ్నం దొరికే గంటలో ఈ ఇంగ్లీషు మాటల వెంట పడ్డాను. మనిషిని మనిషి నొప్పించే తీరులకి వాళ్లు పెట్టుకున్న పేర్లూ, ఆ పేర్ల వెనక ఉన్న కథలూ చదువుతుంటే, ఎక్కడో దూరదేశాలు కాదు, మన వంటిళ్లూ వసారాలే కనిపించాయి. అవే ఇవాళ మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

ముందు మన మాటలే చూడండి. దెప్పిపొడుపు, ఎత్తిపొడుపు, సూటిపోటి మాటలు, కుళ్లబొడవడం. అన్నిట్లోనూ పొడవడం ఉంది. సూటిపోటిలో అయితే గురి చూసి మరీ పొడవడం ఉంది. ఇక రాచి రంపాన పెట్టడం అంటే చెప్పక్కర్లేదు. మాటకి కత్తి ఉంటుందని, అది తగిలితే ఒళ్లు తెగినట్టే ఉంటుందని మన పెద్దవాళ్లకి బాగా తెలుసు.

ఇంగ్లీషు వాళ్లకీ తెలుసు. సార్కాజమ్ అనే మాట గ్రీకు భాషలోది. దాని మూలంలో మాంసం అనే అర్థం ఉంది. కుక్క మాంసాన్ని పీకినట్టు పీకడం అని. మా గోదావరి వైపు వెటకారం లేని పలకరింపు పలకరింపే కాదు, నవ్వుతూనే అంటారు, మనమూ నవ్వుతూనే పడతాం. కానీ రాత్రి పడుకున్నాక ఎక్కడో పీకినట్టుంటుంది చూడండి, ఆ గ్రీకు వాళ్లు చెప్పింది ఆ పీకుడే. ఇన్సల్ట్ అనే మాట లాటిన్‌లో మీదికి దూకడం అనే అర్థంలోంచి వచ్చింది. నలుగురిలో ఎవరైనా ఒక మాటంటే మీద పడ్డట్టు ఉలిక్కిపడతాం కదా, అదే.

నాకు బాగా నచ్చింది సూపర్‌సిలియస్ అనే మాట. ఎదుటివాళ్లని తక్కువగా చూసేవాళ్లని అలా అంటారు. లాటిన్‌లో సూపర్‌సీలియమ్ అంటే కనుబొమ. అంతే, ఇంకేం లేదు. ఏ పేరంటంలోనైనా చూడండి. ఒకావిడ తన చీర ఎక్కడ కొన్నదో చెప్పగానే ఇంకొకావిడ కనుబొమ ఒకటి పైకి లేస్తుంది. నోరు మెదపదు, పసుపు కుంకుమలు మర్యాదగానే తీసుకుంటుంది. మనం మూతి తిప్పడం, ముక్కు విరవడం అన్నాం. వాళ్లు కనుబొమ దగ్గర పట్టుకున్నారు. రెండు వేల ఏళ్ల కిందట రోములో కూడా పేరంటాల్లాంటివి ఉండే ఉంటాయి అనిపించి నవ్వొచ్చింది.

కొన్ని మాటలు మనిషి బరువునీ కొలతనీ తగ్గిస్తాయి. చులకన అంటే తేలిక అనే అర్థం ఉంది. తృణీకరించడం అంటే గడ్డిపోచని చేయడం. చిన్నచూపు, చిన్నబుచ్చడం మనం రోజూ వాడేవే. ఇంగ్లీషులో బిలిటిల్ అంటే అచ్చంగా చిన్నబుచ్చడమే, లిటిల్ అందులోనే ఉంది. ఆ మాటని మొదట వాడిన ఘనత అమెరికా అధ్యక్షుడిగా చేసిన థామస్ జెఫర్సన్‌కి ఇస్తారు. 1785లో అచ్చయిన తన వర్జీనియా పుస్తకంలో వాడాడు. అప్పుడు అది మనుషుల గురించి కాదు. అమెరికాలో జంతువులు ఐరోపాలో కంటే చిన్నగా పుడతాయని బుఫాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రాస్తే, మా ప్రకృతి చిన్నబుచ్చుతుందా అని ఆయనకి పౌరుషం వచ్చింది. జంతువుల సైజు గురించి మొదలైన మాట తర్వాత మనుషుల మీదికి మళ్లింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇవన్నీ తగిలినట్టు తెలిసే దెబ్బలు. అసలు చిక్కు తగిలినట్టు తెలియని వాటితోనే.

మొన్నామధ్య బ్యాంకు డిపాజిట్ కాగితాలు రెన్యూవల్‌కి వచ్చాయి. నా పేరు మీద ఉన్నదే. మావారు పెన్ను నా చేతికిచ్చి "ఇక్కడ, ఇక్కడ సంతకం పెట్టు" అన్నారు. "ఏంటండీ ఇందులో, ఒకసారి చూడనివ్వండి" అన్నాను. "నీకెందుకే ఈ తలనొప్పులన్నీ, నేను చూసుకుంటాగా" అన్నారు నవ్వుతూ. నిజంగా ప్రేమగానే అన్నారు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న మా అమ్మాయి సెలవులకి వచ్చి అక్కడే ఉంది. ఫోన్లోంచి తలెత్తకుండానే "నాన్నా, నువ్వు అమ్మని పేట్రనైజ్ చేస్తున్నావు" అంది.

ఆయనకి నిజంగా అర్థం కాలేదు. "నేనేమన్నానే ఇప్పుడు? తిట్టానా, కొట్టానా?" అన్నారు.

ఆ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నిజమే కదా. తిట్టలేదు, కొట్టలేదు. మన దెప్పిపొడుపుల జాబితాలో వెతికితే ఎక్కడా ఆయన చేసినది దొరకదు. పొడవలేదు, పీకలేదు, మీదికి దూకలేదు. అయినా నా చేతిలో పెన్ను నాకే బరువుగా ఉంది. ఇరవై రెండేళ్లుగా ఉంది ఆ బరువు. దానికి పేరు లేదు గనక లేదనుకున్నాం ఇద్దరమూ.

పేట్రనైజ్ అనే మాటలో తండ్రి ఉన్నాడు. లాటిన్‌లో పేటర్ అంటే తండ్రి, అందులోంచి పేట్రోనస్. రోములో పెద్దవాడొకడు తనని నమ్ముకున్న కొందరిని కాపాడుతుండేవాడు, అతన్ని అలా పిలిచేవారు. మంచి మాటే. మన పాత సాహితీ సభల ఆహ్వాన పత్రాల్లో, పత్రికల్లో మహారాజ పోషకులు అని వేసేవారు గుర్తుందా, ఆ పోషకుడే ఈ పేట్రన్. కానీ నలభై దాటిన మనిషిని ఎవరైనా పోషకుడి మొహం పెట్టుకుని చూస్తే, ఆ మనిషి తనంతట తనే చిన్నపిల్ల అయిపోతుంది. తండ్రి పాత్ర ఒకరు తీసుకుంటే రెండోవారికి మిగిలేది బిడ్డ పాత్రే మరి. మనకీ ఉంది దీనికి మాట, వెతికితే దొరికింది. చిన్నపిల్లని చేయడం. మా అమ్మమ్మ అనేది, "నన్ను చిన్నపిల్లని చేసి ఆడించకండి" అని. ఎవరూ పట్టించుకునేవారు కాదనుకోండి.

దీనికి అక్క లాంటిది కండిసెండ్. కలిసి కిందికి దిగడం అని దాని అసలర్థం. ఒకప్పుడు ఇది పొగడ్త! పెద్దింటివాళ్లు తమ మెట్టు దిగి కిందివాళ్లతో మాట్లాడితే అదొక సద్గుణం. 1813లో అచ్చయిన జేన్ ఆస్టిన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో కాలిన్స్ అని ఒక పాదిరీ ఉంటాడు. తనకి ఉద్యోగమిప్పించిన లేడీ కేథరిన్ ఎంత కండిసెన్షన్ చూపిస్తుందో అని నోరారా మురిసిపోతుంటాడు. అతను నిజంగానే పొగుడుతున్నాడు. ఆస్టిన్ మాత్రం మనల్ని నవ్విస్తోంది. ఆ రెండిటి మధ్యలోనే ఆ మాట అర్థం తిరగబడటం కనిపిస్తుంది. నువ్వు దిగావంటే, నేను కిందున్నానని నువ్వే తేల్చేశావన్నమాట కదా!

మన దయచేయడం కూడా ఇలాంటిదే. "లోపలికి దయచేయండి" అంటే ఎంత మర్యాద! అదే గొంతు కాస్త మార్చి "ఇక దయచేయండి" అంటే గుమ్మం చూపించడం. మర్యాదలో ఇమిడిపోయిన అమర్యాదని పట్టుకోవడం ఏ భాషలోనైనా కష్టమే.

మాన్‌స్ప్లెయినింగ్ అనే మాట ఈ కుటుంబంలో చంటిది. అమెరికన్ రచయిత్రి రెబెక్కా సోల్నిట్ 2008లో ఒక వ్యాసం రాశారు. ఒక విందులో ఒక పెద్దమనిషి, గుర్రాల పరుగుని ఫొటోలు తీసిన మైబ్రిడ్జ్ గురించి ఈమధ్యే వచ్చిన గొప్ప పుస్తకం ఒకటుందని ఆవిడకి గంభీరంగా వివరించాడట. ఆ పుస్తకం రాసింది ఆవిడే. పక్కనున్న స్నేహితురాలు "అది ఈవిడ పుస్తకమే" అని మూడు నాలుగుసార్లు చెబితే గానీ అతని చెవికెక్కలేదు. ఆ వ్యాసంలో ఈ మాట లేదు, కానీ చదివిన ఆడవాళ్లు ఎంతమంది "నాకూ ఇలాగే" అనుకున్నారో, కొన్నాళ్లకే మాట పుట్టేసింది. ఉల్లిపాయలు ఎలా కోస్తే కళ్లు మండవో మనకి నేర్పే మగవాళ్లని తలచుకుంటే మీకూ నవ్వొస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన మాట, గ్యాస్‌లైటింగ్. పాట్రిక్ హామిల్టన్ అనే ఆంగ్ల రచయిత 1938లో గ్యాస్ లైట్ అనే నాటకం రాశాడు. 1944లో హాలీవుడ్ వాళ్లు తీసిన సినిమాలో ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ వేసింది, ఆస్కార్ కూడా వచ్చింది. కథ ఇదీ. అప్పట్లో ఇళ్లలో గ్యాస్ దీపాలు. మొగుడు రోజూ రాత్రి బయటికెళ్తున్నానని చెప్పి, దొంగదారిన పై అటకగదిలోకి చేరి నగల కోసం వెతుకుతుంటాడు. అక్కడ దీపం వెలిగిస్తే కింద భార్య గదిలో దీపం తగ్గుతుంది. కింద ఎవరో కుళాయి తిప్పితే మేడ మీద మనకి ధార సన్నబడుతుంది చూడండి, అలా. దీపం తగ్గుతోందని, పైన అడుగుల చప్పుడని ఆమె చెబితే, అంతా నీ భ్రమ అంటాడు. వస్తువులు తనే దాచి నువ్వే పోగొట్టావంటాడు. చివరికి ఆమె తన కళ్లనీ చెవులనీ తనే నమ్మలేని స్థితికొస్తుంది.

ఈ కథ చదువుతుంటే నాకు మా దొడ్డమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఆవిడకి ఇంట్లో అందరూ పెట్టిన పేరు మతిమరుపు మహాలక్ష్మి. రెండు పేటల గొలుసు ఎక్కడో పెట్టి మర్చిపోయిందని ఊరంతా చెప్పుకునేవారు. పాపం ఆవిడ బియ్యం డబ్బాలో, ఊరగాయ జాడీల వెనక, పాత పరుపుల్లో వెతుకుతూనే ఉండేది. పాలు పోసిన డబ్బు పెదనాన్న చేతికిస్తే, సాయంత్రానికి "నువ్వెప్పుడిచ్చావ్? కలగన్నావా?" అనేవారు. పిల్లలం మేమూ నవ్వేవాళ్లం. ఆవిడా నవ్వేది. నవ్వుతూ నవ్వుతూనే పొయ్యి ఆర్పానా లేదా అని నాలుగుసార్లు వెనక్కెళ్లి చూసుకునేది.

ఒకరోజు ఇదే గొడవలో అరుగు మీద కూర్చున్న వాళ్లత్తగారు నోరు విప్పింది. "ఇచ్చింది రా. నేను చూశాను. నువ్వు లెక్కెట్టుకుని జేబులో పెట్టుకున్నావు" అంది కొడుకుతో. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ మర్నాటి నుంచీ దొడ్డమ్మ గోడకున్న తెలుగు కేలెండర్‌లో పాల లెక్కల పక్కనే ఇచ్చిన ప్రతి రూపాయీ రాయడం మొదలుపెట్టింది. గొలుసు పేకాట అప్పుల కింద ఎప్పుడో వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. "గొలుసు పోతే పోయిందే, నా మతి నాకు తిరిగొచ్చింది" అని మా అమ్మతో అనడం నేను విన్నాను.

సినిమాలోనూ అదే జరుగుతుంది. డిటెక్టివ్ ఒకడు వచ్చి ఆమెతో కూర్చున్నప్పుడు దీపం తగ్గుతుంది. తగ్గడం అతనూ చూస్తాడు. ఆ క్షణంలో ఆమె మొహం చూడాలి! కోర్టులూ తీర్పులూ కాదు, ముందు కావలసింది "అవును, నాకూ కనిపించింది" అనే ఇంకొక మనిషి. దొడ్డమ్మకి ఆ మనిషి అత్తగారైంది. అత్తలందరినీ ఒకే గాటన కట్టే మనం ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు ఇంకో వైపు కూడా చెప్పాలి. ఈ గ్యాస్‌లైటింగ్‌ని 2022లో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్లు ఆ ఏటి మాటగా ఎంచారు. అంతగా వాడుకలోకొచ్చింది. మా అమ్మాయైతే, "నిన్న నువ్వు బయటికెళ్లొచ్చన్నావు" అని తనూ, "నేననలేదు" అని నేనూ వాదించుకుంటే, "అమ్మా, గ్యాస్‌లైట్ చేయకు" అంటుంది. కూర్చోబెట్టి ఆ సినిమా కథ చెప్పాను. ఇద్దరికి రెండు రకాలుగా గుర్తుండటం వేరు, ఒకరు తెలిసి తెలిసి, రోజు రోజూ, ఇంకొకరి బుర్రని వాళ్లకే అనుమానంగా చేయడం వేరు. ప్రతి గొడవకీ ఆ పేరు పెడితే, నిజంగా దొడ్డమ్మలాంటి మనిషి వచ్చి చెప్పుకున్నప్పుడు వినేవాళ్లకి అది మామూలు మాటైపోతుంది. పులి వచ్చిందని రోజూ అరిస్తే ఏమైందో మనకి తెలిసిందే.

పాసివ్ అగ్రెసివ్ అనే మాట పుట్టుక కూడా తెలుసుకోవలసిందే. 1945లో, యుద్ధం చివర్లో, అమెరికా సైన్యానికి పనిచేసిన విలియం మెనింజర్ అనే మానసిక వైద్యుడు దాన్ని సైనికుల గురించి వాడాడు. వాళ్లు పై అధికారికి ఎదురు చెప్పరు. మూతి ముడుచుకుంటారు, మొండికేస్తారు, పని సాగదీస్తారు, కావాలని సరిగ్గా చేయరు. చదవగానే నాకు ఉమ్మడి కుటుంబాల వంటిళ్లు కళ్ల ముందు కదిలాయి. గిన్నెలు ఠపీమని పెట్టడం, పిలిస్తే రెండోసారికి గానీ పలక్కపోవడం, ఉప్పు చెయ్యి జారడం. ఆడవాళ్ల బుద్ధులు అని తేల్చేశారే అందరూ! సైన్యంలో మగవాళ్లూ అదే చేశారు. కాదు అనే హక్కు లేని చోట ఎవరైనా గిన్నెలతోనే మాట్లాడతారు. కాదని చెప్పే వీలున్నవాళ్లు కూడా అదే పని చేస్తే అది సాధింపు. ఈ తేడా చూడకుండా ముద్ర వేయకూడదనిపించింది.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను. హాస్టైల్ అంటే శత్రుభావం. దాని మూలం లాటిన్‌లో హోస్టిస్. శత్రువు అనే అర్థం రాకముందు ఆ మాటకి పరాయివాడు అనే అర్థం ఉండేదట. ఇంగ్లీషులో అతిథిని పిలిచే గెస్ట్ అనే మాట కూడా ఆ వేరు నుంచి మొలిచినదే. ఒకే వేరు నుంచి ఒక కొమ్మ అతిథి, ఒక కొమ్మ శత్రువు. కుడికాలు పెట్టి మెట్టినింట్లోకి వచ్చిన ప్రతి కోడలూ మొదట ఆ వేరు దగ్గరే నిలబడి ఉంటుంది. ఏ కొమ్మ మొలవాలన్నది ఇంట్లోవాళ్ల చేతుల్లో ఉంటుంది, కొంత ఆమె చేతుల్లోనూ.

ఇన్ని మాటలు నేర్చుకుని నేనేం చేశానంటారా? మావారి మీద ఏ ఇంగ్లీషు మాటా విసరలేదు. విసిరితే ఆయన ఆ మాటతో పోట్లాడతారు, అసలు సంగతి పక్కకి పోతుంది. మర్నాడు పొద్దున్న కాఫీ ఇచ్చి, "ఏవండీ, నన్ను చిన్నపిల్లని చేయకుండా ఆ కాగితం చదవనివ్వండి. చదివాకే సంతకం పెడతాను" అన్నాను. ఆయన కాసేపు చూసి, కుర్చీ ఇటు జరిపారు. వడ్డీ ఎంత, గడువెంత అని ఒక్కో గడీ చదివాను. పావుగంట పట్టింది. నామినీ గడిలో మా అత్తగారి పేరుంది. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఇది నేను చూసుకోలేదే" అన్నారాయన మెల్లగా. ఇప్పుడక్కడ మా అమ్మాయి పేరుంది.

అందుకే నాకు తోచింది చెబుతాను. పేరు తెలియడం మంచిదే. పేరుంటే, ఇది నాలో లోపం కాదు, లోకంలో చాలామందికి జరిగేదే అని ధైర్యం వస్తుంది. కానీ ఎదుటివాళ్లకి పేరు కాదు, పని చెప్పాలి. "మీరు ఇలాంటివారు" అంటే తలుపు మూసుకుంటుంది. "మీరు ఇలా చేశారు, నాకు ఇలా అనిపించింది, ఇకమీదట ఇలా చేయండి" అంటే కొన్ని తలుపులైనా తెరుచుకుంటాయి. తెరుచుకోనివీ ఉంటాయి. అలాంటి చోట కేలెండర్ మీద రాసుకోవడం మానకండి, నమ్మే మనిషిని ఒకరినైనా పక్కన పెట్టుకోండి. పక్కింట్లో ఎవరికైనా దీపం తగ్గుతుంటే, "అవును, నాకూ కనిపించింది" అనడానికి వెనకాడకండి.

మీ అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇలాంటి నొప్పులకి వాడిన మాటలేవైనా మీకు గుర్తుంటే రాసి పంపండి. నిఘంటువుల్లోకి ఎక్కనివి మన వంటిళ్లలో ఇంకా చాలానే మిగిలి ఉంటాయి.